పదమూడో తేదీ, పగిలిన అద్దం, వాయిదా పడిన స్కాన్

ప్రశ్న: నా వయసు 41. గణితంలో డిగ్రీ చేసి, ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. నాకు మూఢనమ్మకాలు లేవనే అనుకునేదాన్ని. నిరుడు మావారు బయలుదేరుతుంటే నల్లపిల్లి అడ్డం వచ్చింది. కాసేపు ఆగి వెళ్లమని అత్తగారు చెప్పినా ఆయన నవ్వేసి వెళ్లిపోయారు. దారిలో బండి జారి పడి, ఆయన మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఈమధ్య నా మెడ దగ్గర చిన్న గడ్డ కనిపిస్తే, థైరాయిడ్‌కు సంబంధించినది కావచ్చునని డాక్టరు అల్ట్రాసౌండ్ స్కాన్ రాశారు. మొదట ఇచ్చిన తేదీ 13, పైగా శుక్రవారం. అందుకని మార్పించుకున్నాను. రెండోసారి బయలుదేరబోతుంటే చేతిలోని అద్దం జారి పగిలింది. ఆగిపోయాను. ఇప్పుడు మా పదేళ్ల అమ్మాయి ఒకే పెన్నుతో తప్ప పరీక్ష రాయనంటోంది. వారిస్తే, “పిల్లి వస్తే నువ్వు ఆగుతావుగా” అని నన్నే నిలదీస్తోంది. చదువుకున్నవాళ్లం కూడా వీటిని ఎందుకు నమ్ముతాం? నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో పిల్లికి, తేదీకి, అద్దానికి, పెన్నుకు చోటు దొరికింది కానీ, ఆ గడ్డ ఇప్పుడు ఎలా ఉందో, పెరిగిందో లేదో ఒక్క మాట కూడా లేదు. నా సమాధానం అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ పేజీ చదవడం పూర్తయ్యేలోగా, వీలైతే ఇప్పుడే, స్కాన్ కేంద్రానికి ఫోన్ చేసి, వాళ్లు ఇవ్వగల అతి దగ్గరి తేదీని తీసుకోండి. తర్వాతి సంగతులు తీరికగా మాట్లాడుకోవచ్చు. థైరాయిడ్ గ్రంథిలో వచ్చే గడ్డల్లో అత్యధిక భాగం క్యాన్సర్ కానివేనని వైద్యులు చెప్తారు. మీది ఏ రకమో చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే. అల్ట్రాసౌండ్‌కు సూది అవసరం లేదు, అందులో ఎక్స్‌రే కిరణాల వంటివి ఉండవు, సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. ఈలోగా మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, గడ్డ త్వరగా పెరుగుతున్నట్టు అనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం కూడా ఎదురుచూడకుండా డాక్టరును కలవండి.

ఇంత తేలికైన పరీక్షను మీరు రెండుసార్లు ఎందుకు తప్పించుకున్నారు? 13వ తేదీకి భయపడి అని మీరంటున్నారు. ఆ తేదీన జీతం పడినా, అమ్మాయికి సెలవు వచ్చినా మీరు వాయిదా కోరి ఉండేవారు కాదని నా అనుమానం. మీకు భయం రిపోర్టులో ఏం వస్తుందోనని. ఆ మాట బయటికి చెప్పుకోవడం కష్టం కాబట్టి, ఇంట్లో ఎవరూ తప్పుపట్టని కారణంగా 13 మీ చేతికి అందివచ్చింది. అద్దం పగిలినప్పుడు రెండో కారణం దొరికింది. మూఢనమ్మకాలు ఎందుకు బతికి ఉంటాయన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. మనసు పేరు పెట్టలేని భయానికి అవి ఒక పేరును, ఒక తేదీని, చేయగలిగిన ఒక పనిని ఇస్తాయి.

ఈ సంగతిని పోలిష్ మూలాలున్న మానవశాస్త్రవేత్త బ్రొనిస్లా మాలినోవ్‌స్కీ వందేళ్ల కిందటే గమనించాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పపువా న్యూగినీ సమీపంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఆయన అక్కడి జాలరులను పరిశీలించాడు. లోపలి మడుగులో, అలలు లేని చోట, అనుభవం మీద ఆధారపడి నిశ్చింతగా చేపలు పట్టేటప్పుడు వాళ్లు ఏ మంత్రతంత్రాల జోలికీ పోరు. ప్రమాదం పొంచి ఉండి, ఎంత చేప పడుతుందో తెలియని నడి సముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం విస్తారమైన క్రతువులు జరుపుతారు. మనుషులు వాళ్లే, చేస్తున్నదీ చేపల వేటే. తమ నైపుణ్యం ఎక్కడ చాలదో అక్కడే మంత్రం మొదలవుతోంది. ఆటగాళ్లలో, నావికుల్లో, పరీక్షలు రాసే విద్యార్థుల్లో, ఆపరేషను గది బయట కూర్చున్న బంధువుల్లో ఇటువంటి అలవాట్లు ఎక్కువగా కనిపించడానికి కారణం వాళ్ల తెలివి తక్కువై కాదు, ఫలితం వాళ్ల చేతిలో పూర్తిగా లేకపోవడం. మీరు గణితం చదివారు. అయినా రిపోర్టులో ఏముంటుందో నిర్ణయించే శక్తి గణితానికి లేదు కదా!

2008లో జెన్నిఫర్ విట్సన్, ఆడమ్ గలిన్‌స్కీ అనే పరిశోధకులు దీన్నే ప్రయోగాల్లో చూపించారు. పరిస్థితి తమ అదుపులో లేదన్న భావన కలిగించిన తర్వాత మనుషులకు అర్థం లేని చుక్కల గుంపుల్లో కూడా బొమ్మలు కనిపించడం ఎక్కువైంది, సంబంధం లేని సంఘటనల మధ్య సంబంధాలు తోచాయి. అటువంటి స్థితిలో ఉన్నవాళ్ల చేత తాము విలువైనవిగా భావించే విషయాల గురించి ఆలోచింపజేసి కాస్త కుదుటపరిస్తే ఆ ధోరణి తగ్గింది. ఈ రెండో భాగం మీకు పనికొస్తుంది. మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ముందు మీవారి మణికట్టు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో నమ్మకానికి ఆధారంగా నిలిచింది ఆ ఒక్క సంఘటనే. ఆయన ఆ రోజు క్షేమంగా వెళ్లి వచ్చి ఉంటే, ఆ పిల్లి సాయంత్రం దాకా ఎవరికైనా గుర్తుండేదా? పిల్లి ఎదురై కీడు జరిగిన రోజును మనం ఏళ్ల తరబడి చెప్పుకుంటాం. పిల్లి ఎదురైనా ఏమీ జరగని రోజులు, పిల్లి కనిపించకుండానే దెబ్బలు తగిలిన రోజులు, పిల్లీ లేక కీడూ లేక గడిచిపోయిన మామూలు రోజులు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. మీ ఆఫీసులో ఎవరైనా నాలుగు పద్దులుండాల్సిన చోట ఒక్క పద్దు రాసి ఖాతా సరిపోయిందంటే మీరు సంతకం పెట్టరు. ఇక్కడ మీ ఇల్లంతా కలిసి పెట్టిన సంతకం అటువంటిదే. బండి జారిందంటే రోడ్డు తడిగా ఉందా, టైరు అరిగిందా, మలుపులో వేగం ఎక్కువైందా అన్న ప్రశ్నలు ఆ రోజు ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. కారణంగా పిల్లి దొరికాక ఇక టైరు చూసేవారుండరు. మీవారు ఇంకా ఆ టైర్ల మీదే తిరుగుతుంటే, ఈ నమ్మకం మీ ఇంటికి చేసిన అసలు నష్టం అదే. ఇది చదివాక ఒకసారి చూపించండి.

ఈ ఒక్క పద్దు లెక్క కొత్తది కాదు. సముద్రగండం నుంచి బయటపడిన భక్తులు మొక్కుగా సమర్పించిన చిత్తరువులను గ్రీకు నాస్తికుడు డయాగొరస్‌కు ఎవరో చూపించి, ఇప్పటికైనా దేవతల మహిమను నమ్ముతావా అని అడిగితే, మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల చిత్తరువులు ఎక్కడున్నాయని ఆయన ఎదురు ప్రశ్న వేశాడని రోమన్ రచయిత సిసెరో రాశాడు. 1620లో ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ ఈ కథనే మళ్లీ చెప్పి, శకునాలు, జోస్యాల వంటి నమ్మకాలన్నీ ఇలాగే నిలుస్తాయని అన్నాడు: జరిగినవాటిని పట్టించుకుంటాం, జరగనివాటిని వదిలేస్తాం. డయాగొరస్ ప్రశ్నకు రెండు వేల ఏళ్లు దాటినా దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నమ్మకాలూ తగ్గలేదు. ప్రశ్న సరైనదైనంత మాత్రాన భయం పోదన్నమాట.

పగిలిన అద్దం ఇంకా గడుసుది. అద్దం పగిలితే ఏడేళ్లు దురదృష్టమని పాశ్చాత్య దేశాల్లో పుట్టిన నమ్మకం ఇప్పుడు లోకమంతా తిరుగుతోంది. ఏడేళ్లలో ఒక జ్వరం, ఒక తగాదా, ఒక నష్టం, ఒక చావుకబురు లేకుండా గడిచిన ఇల్లు ఉంటుందా? ఇంత పొడుగు గడువు పెట్టుకుంటే ఏ జోస్యమైనా నిజమై తీరుతుంది. మీ ఇంట్లో అది మొదటి గంటలోనే నిజమైంది కూడా. అద్దం పగలడం వల్ల పరీక్ష ఆగింది, ఆపింది మాత్రం మీరే.

ఇక 13. దీని భయానికి క్రీస్తు చివరి విందులో 13 మంది కూర్చోవడం మూలమని ఎక్కువగా చెప్తుంటారు. ఇటలీలో భయపెట్టే సంఖ్య 17. చైనా, జపాన్, కొరియాలలో 4. స్పెయిన్, గ్రీసు దేశాల్లో శుక్రవారం 13కు బదులు మంగళవారం 13ను చెడ్డరోజంటారు. నల్లపిల్లి విషయంలో జపానులోనూ బ్రిటన్‌లోని అనేక ప్రాంతాల్లోనూ అది అదృష్టానికి గుర్తు. కీడు నిజంగా సంఖ్యలో ఉంటే, సరిహద్దు దాటగానే అది వేరే సంఖ్యలోకి మారదు. కొన్ని దేశాల్లో హోటళ్లు 13వ అంతస్తుకు 14 అని పేరు పెడతాయి, కొన్ని విమానాల్లో 13వ వరుస ఉండదు. ఆ 14వ అంతస్తులో పడుకున్న అతిథి కింది నుంచి లెక్కపెడితే పదమూడో అంతస్తులోనే నిద్రపోతున్నాడు, సుఖంగానే పోతున్నాడు. మీకు గణితం ఇష్టం కాబట్టి ఒక ముచ్చట: మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరు 400 ఏళ్లకొకసారి యథాతథంగా తిరిగి వస్తుంది. ఆ 400 ఏళ్లలోని 4800 నెలల్లో 13వ తేదీ మిగతా ఏ వారం కన్నా శుక్రవారం నాడే ఎక్కువసార్లు, 688 సార్లు, పడుతుంది. శుక్రవారం 13 లేని సంవత్సరమే ఉండదు. ఇంత తరచుగా వచ్చే రోజున ఎక్కడో ఒకచోట ఏదో ఒక ప్రమాదం జరగకుండా ఎలా ఉంటుంది?

13కు ఉదాహరణగా, చంద్రుడి మీదికి అమెరికా పంపిన అపోలో 13 నౌకను చూపనివారు లేరు. 1970 ఏప్రిల్ 11న అది నియంత్రణ కేంద్రం ఉన్న హ్యూస్టన్ నగరపు గడియారం ప్రకారం 13 గంటల 13 నిమిషాలకు బయలుదేరింది. ఏప్రిల్ 13న, చంద్రుడి దారిలో ఉండగా, దాని ఆక్సిజన్ ట్యాంకు ఒకటి పేలింది. ఇన్ని పదమూళ్లు ఒకచోట చేరితే ఎంత గట్టివాడికైనా ఒళ్లు జలదరిస్తుంది. విచారణలో తేలింది వేరు. ట్యాంకు లోపలి హీటరు వేడెక్కితే దాన్ని ఆపవలసిన థర్మోస్టాట్ స్విచ్‌లు 28 వోల్టులకు తయారైనవి. ప్రయోగ కేంద్రంలోని పరికరాలు ఇచ్చిన విద్యుత్తు 65 వోల్టులు. స్విచ్‌లను అందుకు తగ్గట్టు మార్చవలసి ఉండగా ఎవరూ మార్చలేదు. మార్చి నెలాఖరులో ఆ ట్యాంకును ఖాళీ చేయడానికి హీటరును గంటల తరబడి నడిపినప్పుడు స్విచ్‌లు అతుక్కుపోయి తెరుచుకోలేదు, లోపలి తీగల మీది టెఫ్లాన్ పొర కాలి దెబ్బతింది. అంటే ప్రమాదం ఏప్రిల్ 13 కన్నా ముందే, ఆ నౌక నేల మీద ఉన్నప్పుడే ట్యాంకులో చేరింది. ముగ్గురు వ్యోమగాములూ ఏప్రిల్ 17న ప్రాణాలతో తిరిగి వచ్చారు. దాని ముందరి నౌక అపోలో 12 మీద 1969 నవంబరులో, బయలుదేరిన నిమిషం లోపే, రెండుసార్లు పిడుగు ప్రభావం పడింది. 12 చెడ్డ సంఖ్య అని ఆనాడు ఎవరూ అనలేదు, ఈనాడూ అనరు. తర్వాతి నౌకలకు ఏ సంఖ్య పెట్టాలో ఆలోచిస్తూ కూర్చోక ఇంజనీర్లు ఆక్సిజన్ ట్యాంకుల అమరికను మార్చారు.

చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు అన్న మీ మాటకు ఇప్పుడు నేరుగా జవాబు చెప్పవచ్చు. ఒక నమ్మకం తప్పని తెలియడం వేరు, దాన్ని మనసులోంచి దిద్దుకోవడం వేరు. ఈ రెండూ విడివిడిగా జరుగుతాయని, తప్పని తెలిసి కూడా మనిషి ఆ తోపుకు లొంగిపోవచ్చని మనస్తత్వ పరిశోధకురాలు జేన్ రైజెన్ 2016లో వివరించారు. లొంగడానికి కారణం తరచుగా చిన్న లాభనష్టాల లెక్క: “అయిదు నిమిషాలు ఆగితే పోయేదేముంది, ఆగకపోతే ఏమవుతుందో” అని. ఖర్చు అయిదు నిమిషాలే అయినంత కాలం ఆ లెక్కలో తప్పు పట్టలేం. కాసేపు ఆగి వెళ్లమన్న మీ అత్తగారి మాట ఆ కోవలోది. కొడుకు మీది బెంగను ఆవిడ తనకు తెలిసిన మాటల్లో చెప్పారు, అంతే. మీ స్కాన్ సంగతి అలా కాదు. వాయిదా పడిన కొద్దీ ఖర్చు పెరిగే విషయం అది. అందువల్ల ప్రతి నమ్మకాన్నీ ఒకే కర్రతో కొట్టాల్సిన పని లేదు. డబ్బు, వైద్యం, చదువు, మరొక మనిషి పరువు, వీటిలో దేనికైనా నష్టం తెచ్చే నమ్మకాన్ని ఆ రోజే ఆపాలి. మిగతావాటిని చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు.

మీ అత్తగారితో వాదం పెట్టుకోకండి. ఓడిపోతారని చెప్పడం లేదు. ఓడించినా భయం ఆవిడ దగ్గరే మిగులుతుంది, మాట మాత్రం ఆగిపోతుంది. దానికి బదులు, స్కాన్‌కు ఆవిడను తోడు రమ్మని అడగండి. ఇందాక ప్రస్తావించిన 2008 ప్రయోగాల రెండో భాగం ఇక్కడ ఉపయోగపడుతుంది. మనసు కాస్త కుదుటపడితే లేని సంబంధాలు కనిపించడం తగ్గుతుందని చూశాం కదా. మీ అదుపులో ఉండే కొన్ని పనులు చేతిలోకి తీసుకుంటే మీ మనసూ కుదుటపడవచ్చు. గడ్డ ఎప్పుడు గమనించారో, నొప్పి ఉందో లేదో, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ జబ్బు ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. స్కాన్ తర్వాత రక్తపరీక్షలు కావాలా, గడ్డ నుంచి సూదితో నమూనా తీయవలసి వస్తుందా, రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు ముందే సిద్ధం చేసుకోండి. బయలుదేరే ముందు ఏది పగిలినా, ఏది ఎదురైనా వెళ్తానని ముందురోజే మీవారికి చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు గుమ్మంలో నిలబడి తేల్చుకునే పని పెట్టుకోవద్దు. అక్కడ నిలబడ్డప్పుడు భయమే గెలుస్తుంది.

మీ అమ్మాయి పెన్ను సంగతి దీనికన్నా చాలా చిన్నది, కానీ దాన్ని అర్థం చేసుకోవడానికి పావురాల కథ ఒకటి చెప్పాలి. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ ఆకలితో ఉన్న ఎనిమిది పావురాలను విడివిడిగా పెట్టి, అవి ఏం చేస్తున్నా చేయకపోయినా నిర్ణీత వ్యవధిలో మేత అందేలా ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి ఒకటి మేత రాకముందు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకొకటి పదే పదే గూటి పైమూలలోకి తల దూర్చింది. మేత వచ్చిన క్షణంలో తాము యాదృచ్ఛికంగా చేస్తున్న పనే మేతను తెచ్చిందన్నట్టుగా అవి నడుచుకున్నాయని స్కిన్నర్ భావించాడు. తర్వాతి పరిశోధకులు ఈ వ్యాఖ్యానాన్ని ప్రశ్నించారు. ఆ చేష్టల్లో చాలామటుకు మేత కోసం ఎదురుచూసే పక్షి సహజంగా చేసేవేనని చూపించారు. ఎవరిది సరైనదైనా, మీ అమ్మాయి ఏదో ఒక పరీక్షలో ఆ పెన్నుతో బాగా రాసి ఉంటుంది. ఆ రోజు ఆమె చదివింది కూడా. చదువు కంటికి కనిపించదు, పెన్ను కనిపిస్తుంది.

అదృష్టపు వస్తువు ధైర్యాన్ని పెంచి పనిని మెరుగుపరుస్తుందా? 2010లో జర్మనీలో జరిగిన ఒక ప్రయోగంలో, ఇది కలిసొచ్చిన బంతి అని చెప్పి ఇస్తే గోల్ఫ్ ఆడినవాళ్లు పదింటిలో సగటున ఆరుకు పైగా బంతులను గుంటలో వేశారని, ఆ మాట చెప్పకుండా మామూలుగా బంతి ఇస్తే ఆడినవాళ్లు అయిదుకు లోపే వేశారని తేలింది. ఆ వార్త బాగా ప్రచారమైంది. 2014లో మరికొందరు ఇంకా ఎక్కువమందితో అదే ప్రయోగం చేస్తే తేడా ఏదీ కనిపించలేదు. కాబట్టి పెన్ను మార్కులు తెస్తుందని ఆమెకు చెప్పకండి. అలాగని దాన్ని లాక్కోవడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు. అది పోయిన రోజున, ఇంకు అయిపోయిన రోజున ఆమె కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోకూడదు, మనకు కావలసింది అంతవరకే. ఇంట్లో రాసే లెక్కలు, తరగతిలో జరిగే చిన్న పరీక్షలు వేర్వేరు పెన్నులతో రాయించండి. ఏ పెన్నుతో ఎన్ని మార్కులు వచ్చాయో, ముందురోజు ఎంతసేపు చదివిందో ఆమె చేతనే ఒక పుస్తకంలో రాయించండి. పద్దులు రాయడం మీకు తెలిసిన పనే కదా. కొన్ని నెలలు గడిచాక ఆ పుస్తకాన్ని ఆమే చదువుకుని చెప్తుంది, మీరు చెప్పనక్కర్లేదు. పెద్ద పరీక్ష రోజున ఆ పెన్నే తీసుకెళ్తానంటే తీసుకెళ్లనివ్వండి, సంచిలో ఇంకో రెండు కూడా పెట్టండి.

పిల్లి వస్తే ఎందుకు ఆగుతావన్న ఆమె ప్రశ్నను మాత్రం దాటవేయవద్దు. పెద్దవాళ్ల ఆచారమనో, నీకు తెలియదనో అనకుండా, “నాన్నకు దెబ్బ తగిలినప్పుడు నాకు చాలా భయం వేసింది, ఆ భయంతో ఆగుతున్నాను” అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పదేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటే అది. మరి పెన్ను విషయంలో నీకు దేనికి భయమని ఆ తర్వాత మీరు అడగవచ్చు.